పడకగదిలో పాత టీవీ, దానికో స్టిక్

పండగ సేళ్ళు మొదలయ్యాయంటే వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న తిరుగుతుంటుంది: "బెడ్‌రూమ్ టీవీకి ఏ స్టిక్ తీసుకోవాలి? నాలుగు వేల లోపు చెప్పండి." స్టిక్ అంటే టీవీ వెనక హెచ్‌డీఎంఐ పోర్టులో గుచ్చితే ఓటీటీ యాప్‌లు నడిపే చిన్న పరికరం. జవాబులూ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ఒకరు ఫైర్ స్టిక్ అంటారు, ఇంకొకరు షావోమీ అంటారు. మూడో ఆయన వచ్చి "ఎలాగూ కొంటున్నావు, ఇంకో వెయ్యి వేసి 4కే తీసేసుకో" అంటాడు. దాంతో చర్చ అయిపోతుంది. టీవీ ఎన్ని అంగుళాలు, రౌటర్ ఎక్కడుంది, ఏ ప్లాన్ కడుతున్నారు అని ఒక్కరూ అడగరు.

నా పేచీ ఆ మూడో ఆయనతోనే. ఆయన చెప్పిన వస్తువు మంచిదే అయ్యుండొచ్చు గానీ, చెప్పిన కారణం తప్పు. ఆ తప్పు కారణం వల్ల వెయ్యి రూపాయలూ పెట్టాల్సిన చోట పెట్టకుండా, డబ్బా మీది పెద్దక్షరాలకు పెట్టేస్తాం.

మన ఇళ్ళలో పడకగది టీవీ అంటే ఏదో తెలిసిందే. హాల్లోకి 55 అంగుళాలది రాగానే లోపలికి జరిగిన 32 అంగుళాల పాతది. అసలు స్మార్ట్ టీవీయే కాదు, లేదా ఒకప్పుడు స్మార్టు, ఇప్పుడు అప్‌డేట్లు రాక యాప్‌లు మొరాయిస్తున్నాయి. వెనక ఒకటో రెండో హెచ్‌డీఎంఐ పోర్టులు, ఒక యూఎస్‌బీ. గోడకు బిగించేశారు. రౌటరేమో హాల్లో, వీధి తలుపు పక్కన. మధ్యలో రెండు ఇటుక గోడలు, ఒక బీరువా.

కంటికి అందని చుక్కలు

ఒక చిన్న లెక్క వేద్దాం. 32 అంగుళాల టీవీ తెర వెడల్పు సుమారు 71 సెంటీమీటర్లు. హెచ్‌డీ రెడీ తెరలో అడ్డంగా 1366 చుక్కలుంటాయి (వీటినే పిక్సెల్స్ అంటారు). అంటే ఒక్కో చుక్క అర మిల్లీమీటరు పైచిలుకు. మామూలు చూపున్న మనిషి ఎనిమిది అడుగుల దూరం నుంచి చూస్తే, 0.7 మిల్లీమీటరు కంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కలు కంటికి కలిసిపోయి ఒకటిగా కనిపిస్తాయి. మంచం తలవైపు నుంచి ఎదురుగోడ దాకా మన గదుల్లో ఉండే దూరం ఇంచుమించు అంతే. అంటే ఆ పాత తెరలో ఉన్న చుక్కలే విడివిడిగా కనపడనప్పుడు, వాటికి దాదాపు ఎనిమిది రెట్లు చుక్కలుండే 4కే సిగ్నల్ పంపి ఏం లాభం? స్టిక్కే దాన్ని ఆ టీవీ తీసుకోగలిగినంతకు కుదించి పంపుతుంది, టీవీ తన 1366లోకే సర్దుకుంటుంది.

43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ టీవీ అయినా ఇదే కథ. 95 సెంటీమీటర్లలో 1920 చుక్కలు, చుక్కకు అర మిల్లీమీటరు. మంచం చివర కూర్చుని ఐదడుగుల నుంచి చూస్తే కాస్త తేడా పట్టుకోవచ్చు. పడుకుని చూసేవాళ్ళకు పట్టదు. పడకగదిలోనే మంచి 4కే హెచ్‌డీఆర్ టీవీ పెట్టుకున్నవాళ్ళ సంగతి వేరు. అక్కడ చుక్కల కన్నా హెచ్‌డీఆర్ వెలుగునీడలే ఎక్కువ తెలుస్తాయి. వాళ్ళకు ఈ వ్యాసం అక్కర్లేదు.

తెర సంగతి అలా ఉంచి, కట్టే ప్లాన్ చూడండి. నెట్‌ఫ్లిక్స్‌లో 199 రూపాయల బేసిక్ ప్లాన్ 720పీ దాటి ఇవ్వదు. 499ది 1080పీ. 4కే కావాలంటే 649ది కట్టాలి. 149ది మొబైల్ ప్లాన్, అది టీవీలో అసలు నడవదు. ఫోన్ రీఛార్జ్‌తో "ఉచితంగా" వచ్చే ఓటీటీ సభ్యత్వాల్లో చాలావాటికీ ఇదే షరతు చిన్నక్షరాల్లో ఉంటుంది. స్టిక్ బిగించి, లాగిన్ అయ్యి, "ఈ ప్లాన్ ఈ డివైస్‌లో పనిచేయదు" అన్న మాట చూశాక స్టిక్‌ను తిట్టుకునేవాళ్ళు తక్కువేం కాదు. కొనకముందే ప్లాన్ పేజీ తెరిచి, ఎన్ని స్క్రీన్లు, ఏ నాణ్యత, టీవీ ఉందా లేదా అన్న మూడూ చూసుకోవాలి. హాల్లో ఒకరు, లోపల ఒకరు ఒకేసారి చూస్తారు కాబట్టి స్క్రీన్ల లెక్క మరీ ముఖ్యం. బేసిక్‌లో ఒక్క స్క్రీనే.

మరి 4కే మోడల్ దండగేనా?

ఇక్కడే ఆ మూడో ఆయనకు కొంత మార్కులు వేయాలి. 2024లో వచ్చిన ఫైర్ టీవీ స్టిక్ హెచ్‌డీలో ర్యామ్ 1 జీబీ. 2023 నాటి ఫైర్ టీవీ స్టిక్ 4కేలో 2 జీబీ, పైగా వైఫై 6. షావోమీ టీవీ స్టిక్ 4కేలోనూ 2 జీబీయే. తేడా బొమ్మలో కనపడదు, వాడకంలో కనపడుతుంది. 1 జీబీ స్టిక్‌లో సినిమా మధ్యలో హోమ్ నొక్కి ఇంకో యాప్ తెరిచి వెనక్కి వస్తే, మొదటి యాప్ మళ్ళీ లోగో దగ్గర్నుంచి మొదలవుతుంది. మెమరీ చాలక వ్యవస్థ దాన్ని మూసేసి ఉంటుంది. ఒక్క యాప్ తెరిచి ఒక్క సినిమా చూసి పడుకునే పెద్దవాళ్ళకు ఇది ఇబ్బందే కాదు. పది నిమిషాలకో యాప్ మార్చే పిల్లలకు మాత్రం నరకం. కాబట్టి 4కే మోడల్ కొనండి, తప్పులేదు. ర్యామ్ కోసం కొంటున్నామని గుర్తుంటే చాలు.

ఎందుకు గుర్తుండాలంటే, ఈ మధ్య ఆ సమీకరణం కూడా చెడింది. 2025 చివర్లో అమెజాన్ తెచ్చిన ఫైర్ టీవీ స్టిక్ 4కే సెలెక్ట్‌లో ర్యామ్ మళ్ళీ 1 జీబీయే. పేరులో 4కే ఉంది. లోపల ఆండ్రాయిడ్ బదులు వేగా అనే సొంత వ్యవస్థ పెట్టారు, అది తేలికది కాబట్టి 1 జీబీ చాలన్నది కంపెనీ వాదన. అందులో నిజం లేకపోలేదు. అయితే ఆండ్రాయిడ్ యాప్‌లు దాంట్లో నేరుగా నడవవు, ఏపీకే ఫైలు (ఆండ్రాయిడ్ యాప్ ఫైలు) బయటినుంచి తెచ్చి ఎక్కించుకోవడమూ కుదరదు. యాప్ తయారుచేసినవాళ్ళే దానికోసం విడిగా యాప్ ఇవ్వాలి. పెద్ద యాప్‌లకు ఇబ్బంది లేదు. ఆహా, ఈటీవీ విన్, సన్ నెక్స్ట్ లాంటివి ఉన్నాయో లేదో మాత్రం కొనకముందే ఆ మోడల్ యాప్ జాబితాలో వెతుక్కోవాలి. అమ్మానాన్నల గదిలో పెట్టే స్టిక్‌కు ఈటీవీ సీరియళ్ళు రాకపోతే ఎన్ని పిక్సెల్స్ ఉండి ఏం ప్రయోజనం?

స్టోరేజీ గురించి ఒక్క ముక్క. దాదాపు అన్నిట్లో 8 జీబీయే, వ్యవస్థ తినగా మిగిలేది 5 జీబీ చుట్టూ. ఏడాది తిరిగేసరికి నిండిపోయి స్టిక్ నత్తనడక నడుస్తుంది. కొత్తది కొనేముందు సెట్టింగ్స్‌లో అప్లికేషన్స్‌కు వెళ్ళి ఒక్కో యాప్‌కూ క్లియర్ క్యాష్ కొట్టండి. క్లియర్ డేటా కొడితే లాగిన్లన్నీ పోతాయి, జాగ్రత్త. వాడని యాప్‌లు తీసేయండి.

రెండు వేల రూపాయల నల్లపెట్టె

ఈ బేరం గురించి మాత్రం నాకు రెండో ఆలోచన లేదు. స్టిక్ బదులు అమ్మే, పేరు ఎప్పుడూ వినని ఆండ్రాయిడ్ నల్లపెట్టె, మీద 8కే అనీ, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ అనీ రాసి ఉంటుంది, ధర స్టిక్ కన్నా తక్కువ. కొనకండి.

మొదటిది, బొమ్మ. ఓటీటీలు హెచ్‌డీ ఇవ్వాలంటే పరికరానికి వైడ్‌వైన్ ఎల్1 అనుమతి ఉండాలి. అంటే వీడియో తాళంచెవులు చిప్‌లోనే భద్రమైన చోట ఉండాలి. ఈ పెట్టెల్లో సాధారణంగా ఉండేది ఎల్3, తాళం సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటుంది. దాంతో నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ లాంటివి 480పీ దగ్గరే ఆపేస్తాయి. మెనూ అక్షరాలు మెరుస్తూ కనిపిస్తాయి, సినిమా మాత్రం మంచు పట్టిన అద్దంలోంచి చూసినట్టుంటుంది. చాలామంది దీన్ని నెట్ స్పీడ్ సమస్య అనుకుని ప్లాన్ పెంచుకుంటారు! డీఆర్ఎం ఇన్ఫో అనే యాప్ వేసి చూస్తే ఎల్1 ఉందో ఎల్3 ఉందో నిమిషంలో తెలుస్తుంది. పైగా వీటిలో ఉండేది టీవీ యాప్ కాదు, ఫోన్ యాప్. రిమోట్‌లో మౌస్ బాణం తెచ్చుకుని నొక్కుతూ కూర్చోవాలి.

రెండోది ఇంకా పెద్దది. 2023 జనవరిలో కెనడాకు చెందిన ఒక సెక్యూరిటీ నిపుణుడు టీ95 అనే చవక పెట్టెలో ఫ్యాక్టరీ నుంచే మాల్‌వేర్ ఉందని బయటపెట్టాడు. అదే ఏడాది అక్టోబరులో హ్యూమన్ సెక్యూరిటీ సంస్థ ఈ బాపతు పెట్టెల వెనకున్న వ్యవహారానికి బ్యాడ్‌బాక్స్ అని పేరుపెట్టి వివరాలు వెల్లడించింది. 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ దాని రెండో అవతారం గురించి ప్రజలను హెచ్చరించింది. ఇవి చేసే పని ఏమిటంటే, మీ ఇంటి ఇంటర్నెట్ కనెక్షన్‌ను మీకు తెలియకుండా ఇతరులకు దారిగా అద్దెకివ్వడం. ఎవడో ఎక్కడో చేసిన మోసానికి జాడ తీస్తే మీ ఇంటి ఐపీ అడ్రసు దగ్గరికొస్తుంది. ఫ్యాక్టరీ రీసెట్ చేసినా పోదు, అది సిస్టమ్‌లోనే ఉంటుంది.

ఇప్పటికే అలాంటిది ఇంట్లో ఉంటే ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో అబౌట్ విభాగంలో "సర్టిఫైడ్" అని ఉందో లేదో చూడండి. లేకపోతే వైఫై నుంచి తీసేసి, పెన్‌డ్రైవ్ సినిమాలకు మాత్రం వాడుకోండి. దాని అడాప్టర్ మీద బీఐఎస్ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు లేకపోతే అడాప్టర్ కూడా మార్చేయండి.

చవకలో మంచివి లేవని కాదు. అమెరికాలో వాల్‌మార్ట్ అమ్మే ఆన్ 4కే పెట్టె 20 డాలర్ల లోపు, గూగుల్ టీవీ, సర్టిఫైడ్, 2 జీబీ ర్యామ్. అక్కడున్న మనవాళ్ళు సెలవులకు వస్తూ సూట్‌కేసులో పడేసుకొస్తుంటారు. పనిచేస్తుంది. పిన్నుకు కన్వర్టర్ కావాలి, ఇక్కడి యాప్‌లు దొరకాలంటే లాగిన్ అయ్యే గూగుల్ ఖాతా దేశం ఇండియా అయ్యుండాలి. పాడైతే ఇక్కడ వారంటీ ఉండదు.

మిగిలిన వెయ్యి పెట్టాల్సిన చోటు

పడకగది స్టిక్ సతాయిస్తోందంటే మొదట అనుమానించాల్సింది వైఫైని, తర్వాత కరెంటును. స్టిక్ వంతు ఆఖర్న.

నెట్‌ఫ్లిక్స్ చెప్పే లెక్క ప్రకారం 720పీకి 3 ఎంబీపీఎస్, 1080పీకి 5, 4కేకి 15 కావాలి. వంద ఎంబీపీఎస్ కనెక్షన్ ఉన్న ఇంట్లో ఐదు రాకపోవడమేమిటని అడగొచ్చు. టీవీ వెనక కొలవండి, తెలుస్తుంది. రాత్రి తొమ్మిదిన్నరకు, గది తలుపు మూసి, ఫోన్‌ను టీవీ వెనక్కి దూర్చి పట్టుకుని స్పీడ్ టెస్ట్ మూడుసార్లు చేయండి. మంచం మీద కూర్చుని చేస్తే లెక్కలోకి రాదు. స్టిక్ ఉండేది టీవీ రేకుకూ గోడకూ మధ్య అంగుళం సందులో. మూడింటిలో తక్కువ వచ్చినదే మీ అసలు స్పీడు. అది ఎనిమిది దాటకపోతే స్టిక్ కొనడం వాయిదా వేసి ముందు ఆ సంగతి చూడాలి.

చూడటమంటే ఖర్చు లేనివి ముందు. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటుతుంది గానీ, అపార్ట్‌మెంట్లో పక్కింటి రౌటర్లన్నీ అక్కడే గుమిగూడతాయి. 5 గిగాహెర్ట్జ్ ఖాళీగా ఉంటుంది, గోడ దగ్గర చతికిలబడుతుంది. రెండిటికీ వేరే పేర్లు పెట్టి, ఏది స్థిరంగా ఉంటే దానికే స్టిక్‌ను కట్టేయండి. 2.4లో ఛానెల్ 1, 6, 11లో ఒకటి పెట్టాలి. ఆటోలో వదిలేస్తే రౌటర్ ఒక్కోసారి 12కో 13కో పోతుంది, కొన్ని స్టిక్‌లకు ఆ ఛానెళ్ళు కనపడనే కనపడవు. "ఫోన్‌కు వైఫై వస్తోంది, స్టిక్‌కు కనపడట్లేదు" అన్న ఫిర్యాదుకు తరచుగా ఇదే కారణం. 5లో అయితే 36 నుంచి 48 లోపు, లేదా 149 పైన పెట్టండి. సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెట్టి ఉంటే పాత స్టిక్ కనెక్ట్ కాదు, డబ్ల్యూపీఏ2తో కలిపి ఉన్నది ఎంచుకోండి.

ఇవన్నీ చేసినా కుదరకపోతే వైరు లాగడమే. రిపీటర్ కొనమంటారు చాలామంది. ఒకే బ్యాండ్ రిపీటర్ అందుకున్నదాన్ని అదే గాలిలో మళ్ళీ పంపాలి కాబట్టి వేగం సగానికి పడిపోతుంది. పైగా దాన్ని తెచ్చి పడకగదిలోనే పెడతారు, అక్కడ అందుకోవడానికే సిగ్నల్ లేదు కదా! 15 మీటర్ల క్యాట్6 కేబుల్, అటకమీద పడున్న పాత రౌటర్ చాలు. పాత రౌటర్‌లోకి వెళ్ళి డీహెచ్‌సీపీ (పరికరాలకు ఐపీ నంబర్లు పంచే పని) ఆపేయండి. దాని ఐపీని అసలు రౌటర్‌తో కొట్టుకోకుండా, అదే వరుసలో వేరే నంబరుకు మార్చండి. కేబుల్‌ను రెండువైపులా ల్యాన్ పోర్టుల్లోనే పెట్టాలి, పాతదాని వ్యాన్ పోర్టులో కాదు. ఈ ఒక్క పొరపాటుతో వేరే నెట్‌వర్క్ తయారై, హాల్లోని ఫోన్‌కు పడకగది స్టిక్ కనపడకుండా పోతుంది. దీంతో లోపలి ఫోన్లకూ సిగ్నల్ వస్తుంది. కేబుల్ ఖర్చు వెయ్యి లోపే.

ఫోన్ హాట్‌స్పాట్ మీద నెట్టుకొచ్చేవాళ్ళకు వేరే లెక్క. నెట్‌ఫ్లిక్స్ హెచ్‌డీకి గంటకు 3 జీబీ దాకా, 4కేకి 7 జీబీ దాకా లాగుతుంది. రోజుకు 1.5 జీబీ ప్యాక్ హెచ్‌డీలో అరగంటకు సరి. ఫైర్ టీవీలో సెట్టింగ్స్, ప్రిఫరెన్సెస్, డేటా మానిటరింగ్‌కు వెళ్ళి నాణ్యత తగ్గించుకోవచ్చు. 32 అంగుళాల మీద పెద్ద తేడా తెలియదు.

ఇక కరెంటు. స్టిక్‌తో ఇచ్చే అడాప్టర్ సాధారణంగా 5 వోల్టులు, 1 ఆంపియర్. పాత టీవీ యూఎస్‌బీ పోర్టు ఇచ్చేది అర ఆంపియర్. సాకెట్ ఖాళీ లేదనో, వైరు వేలాడకూడదనో టీవీ యూఎస్‌బీకి తగిలిస్తారు. మెనూ బాగానే తిరుగుతుంది. సినిమా మొదలయ్యాక, వైఫై, వీడియో రెండూ ఒకేసారి గుంజిన క్షణంలో స్టిక్ రీస్టార్ట్ అవుతుంది. టీవీ ఆపినప్పుడల్లా స్టిక్ చచ్చి, వేసినప్పుడల్లా మొదటినుంచి బూట్ అవుతుంది కూడా. అడాప్టర్‌నే వాడండి, కేబుల్ కూడా దాంతో వచ్చినదే. మూడు మీటర్ల సన్న కేబుల్ కొంటే దార్లోనే వోల్టేజీ పడిపోతుంది. డబ్బాలో జానెడు కూడా లేని హెచ్‌డీఎంఐ ఎక్స్‌టెండర్ ముక్క ఇస్తారే, దాన్ని పారేయకండి. స్టిక్‌ను ఆ సందులోంచి టీవీ అంచుకు తెస్తే వేడీ తగ్గుతుంది, సిగ్నలూ పెరుగుతుంది.

ఒక్కటే హెచ్‌డీఎంఐ పోర్టు ఉండి, అందులో డీటీహెచ్ పెట్టె ఉంటే, ఆ పెట్టెను పసుపు-ఎరుపు-తెలుపు ఏవీ వైరుకు మార్చి హెచ్‌డీఎంఐ స్టిక్‌కు ఇవ్వచ్చు. హెచ్‌డీఎంఐ అసలే లేని డబ్బా టీవీకి కన్వర్టర్లు దొరుకుతాయి గానీ, అవి ఒకవైపే పనిచేస్తాయి. మీకు కావాల్సింది హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి. చూడ్డానికి అచ్చం అలాగే ఉండే ఏవీ నుంచి హెచ్‌డీఎంఐ తెచ్చుకుని తిప్పలు పడతారు. సరైనది తెచ్చినా మెనూ అక్షరాలు చదవడం కష్టమే. ఆ డబ్బు అక్కడ పెట్టొద్దనే చెబుతాను.

పక్కన ఒకరు నిద్రపోతుంటే

హాలుకూ పడకగదికీ అసలు తేడా ఇదే, సమీక్షల్లో దీని గురించి రాసేవాళ్ళు తక్కువ. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు నేరుగా స్టిక్‌కు కలుస్తాయా అన్నది చూడండి. ఫైర్ టీవీ, గూగుల్ టీవీ స్టిక్‌లకు కలుస్తాయి. అయితే బ్లూటూత్ కూడా 2.4లోనే తిరుగుతుంది. వైఫై కూడా అక్కడే ఉంటే మాట తెగి తెగి వస్తుంది. ఇయర్‌ఫోన్లు మార్చకముందు స్టిక్‌ను 5 గిగాహెర్ట్జ్‌కు మార్చి చూడండి. పెదాలకూ మాటకూ పొంతన లేకపోతే ఫైర్ టీవీ సెట్టింగ్స్‌లో ఏవీ సింక్ సరిచేసుకునే వీలుంది.

హోమ్ తెర మీద వాటంతటవే మోగే ట్రైలర్లను కూడా ఆపండి: ప్రిఫరెన్సెస్, ఫీచర్డ్ కంటెంట్, వీడియో ఆటోప్లే ఆఫ్. టీవీలో స్లీప్ టైమర్ పెట్టుకుని పడుకునేవాళ్ళు సీఈసీ ఆన్ చేసుకోవాలి. హెచ్‌డీఎంఐ గుండా టీవీ, స్టిక్ ఒకదానికొకటి ఆన్, ఆఫ్ కబురు చెప్పుకునే సదుపాయం అది. శామ్‌సంగ్‌లో దాన్ని ఎనీనెట్ ప్లస్ అంటారు, ఎల్జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్. అది లేకపోతే టీవీ ఆరిపోయినట్టు స్టిక్‌కు తెలియదు. "ఇంకా చూస్తున్నారా" అని యాప్ అడిగేదాకా చీకట్లో డేటా తాగుతూనే ఉంటుంది. కొన్ని పాత టీవీల్లో మాత్రం సీఈసీ తిరగబడుతుంది, అర్ధరాత్రి స్టిక్ అప్‌డేట్ అయినప్పుడు టీవీ దానంతటదే వెలుగుతుంది. అలా జరిగితే సీఈసీ తీసేయడమే మేలు.

రిమోట్ లేనివాటి గురించి

ఫోన్ నుంచి టీవీకి వీడియో పంపే గూగుల్ వారి పాత క్రోమ్‌కాస్ట్ సెకండ్‌హ్యాండ్‌లో ఐదారు వందలకే వస్తోందని ఊరిస్తారు. 2025 మార్చి 9న ప్రపంచమంతటా రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు ఒక్కసారిగా పనిచేయడం మానేశాయి. లోపల పదేళ్ళ గడువుతో పెట్టిన ఒక సర్టిఫికెట్ ఆ రోజుతో చెల్లిపోయింది. కొన్ని రోజుల తర్వాత గూగుల్ అప్‌డేట్ పంపి బతికించింది. కంగారుపడి ఫ్యాక్టరీ రీసెట్ చేసినవాళ్ళే ఎక్కువ ఇబ్బంది పడ్డారు. క్రోమ్‌కాస్ట్ తయారీని గూగుల్ 2024లోనే ఆపేసింది. ఫోన్ మీద ఆధారపడే పరికరానికి ఇంకో చిక్కు కూడా ఉంది: ఫోన్ ఉన్నవాళ్ళు ఆఫీసుకెళ్తే ఇంట్లో పెద్దవాళ్ళు టీవీ పెట్టుకోలేరు. ఆ ధరకు ఆశపడొద్దు.

ఫైబర్ కనెక్షన్‌తో వచ్చిన సెట్‌టాప్ పెట్టె ఇంట్లో ఖాళీగా ఉంటే మాత్రం ముందు దాన్నే పడకగదిలో పెట్టి చూడండి. కావాల్సిన నాలుగు యాప్‌లూ అందులో ఉంటే కొనాల్సిన పనే లేదు.

కొన్నారే అనుకోండి, రిటర్న్ గడువు ఎన్ని రోజులో చూసుకుని, ఆ లోపల ఒక రాత్రి పరీక్ష పెట్టండి. అడాప్టర్ గోడ సాకెట్లో, స్టిక్ ఎక్స్‌టెండర్ మీద, గది తలుపు మూసి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, మీరు కట్టే ప్లాన్‌లోనే రెండు గంటల సినిమా ఒకటి చూడండి. మధ్యలో రెండుసార్లు హోమ్ నొక్కి ఈటీవీ విన్ తెరిచి వెనక్కి రండి. సినిమా ఆగిన చోటునుంచే మొదలైతే ఉంచుకోండి. లోగో దగ్గర్నుంచి మొదలై, అది మీకు చిరాకు తెప్పిస్తే, గడువులోపే వెనక్కిచ్చి 2 జీబీ ఉన్నది తీసుకోండి.